ద్వీపవాసుల ఇళ్లు చేజారకుండా చట్టం చేయడం ఎలా: స్థానిక ప్రభుత్వాలకు, ప్రజా సంఘాలకు ఒక మార్గదర్శి

ఒక ద్వీపం అందం బయటి ప్రపంచానికి తెలిసిన కొన్నేళ్లకే అక్కడ పుట్టి పెరిగినవారికి ఇల్లు దొరకని పరిస్థితి వస్తుంది. ముందు ఒకటి రెండు విహార గృహాలు వెలుస్తాయి. తర్వాత అద్దె ఇళ్లు టూరిస్టుల గదులుగా మారతాయి. ఆ తర్వాత పాత ఇళ్ల ధరలు అక్కడ పనిచేసే ఎవరి జీతానికీ అందనంత పైకి పోతాయి. జాలరులు, ఉపాధ్యాయులు, నర్సులు, పడవ సిబ్బంది ఒక్కొక్కరుగా ప్రధాన భూభాగానికి తరలిపోతారు. జెంట్రిఫికేషన్ అనే ఈ మార్పు నగరాలకూ తెలిసినదే. అయితే నగరంలో అద్దె భరించలేని కుటుంబం కొన్ని కిలోమీటర్ల అవతల మరో పేటకు మారి అదే ఉద్యోగం, అదే బడి నిలుపుకోగలదు. ద్వీపంలో ఇల్లు పోయినవారికి ఉద్యోగం, బడి, బంధువులు, సమాధులు కూడా దూరమవుతాయి.

ద్వీపాల స్థానిక సంస్థల సభ్యులు, అధికారులు, వారిచేత పని చేయించాలని పూనుకున్న ప్రజా సంఘాలు ఏ పనులను ఏ క్రమంలో చేపట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను. వేర్వేరు దేశాల ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు అన్నిటికన్నా బలంగా కనిపించిన విషయం ఒకటుంది. మనుషుల చేతికి ఇచ్చిన ఆర్థిక సాయం కొన్నేళ్లలో ఇళ్ల ధరల్లో కలిసిపోతుంది. భూమి పత్రంలో రాసిన షరతు మాత్రం యజమానులు ఎంతమంది మారినా నిలుస్తుంది. ఏ పథకాన్ని పరిశీలించినా ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ ఇల్లు రెండోసారి అమ్ముడుపోయినప్పుడు ఈ రక్షణ ఏమవుతుంది?

ఇళ్ల సంఖ్య కాదు, వాడకం తెలియాలి

చాలా ద్వీపాల దగ్గర ఎన్ని ఇళ్లున్నాయన్న లెక్క ఉంటుంది గానీ, వాటిలో ఏడాది పొడవునా దీపం వెలిగేవి ఎన్ని అన్న లెక్క ఉండదు. ఈ రెండో లెక్క లేకుండా చేసిన చట్టం కోర్టులో నిలవడం కష్టం, జనంలో నమ్మకం పొందడం ఇంకా కష్టం. కాబట్టి ప్రతి ఇంటినీ దాని వాడకాన్ని బట్టి నమోదు చేయాలి: యజమాని ఏడాదంతా ఉంటున్నదా, దీర్ఘకాల అద్దెకు ఇచ్చినదా, సెలవుల్లో మాత్రమే తెరిచేదా, టూరిస్టులకు రోజుల లెక్కన ఇచ్చేదా, వారసుల మధ్య తేలక మూతపడినదా. ఇందుకు కావలసిన సమాచారం చాలావరకు ప్రభుత్వ కార్యాలయాల్లోనే ఉంటుంది. ఆస్తి పన్ను నోటీసులు ఏ చిరునామాకు వెళ్తున్నాయో, పర్యాటకులు రాని నెలల్లో కరెంటు, నీటి వాడకం ఎంత ఉన్నదో, బడిలో పిల్లల చేరికలు ఏటేటా ఎలా మారుతున్నాయో చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. వ్యక్తుల వివరాలు బయటపెట్టకుండా ప్రాంతాలవారీ మొత్తాలను మాత్రమే ప్రచురించాలి.

ఈ లెక్కల్లో సాధారణంగా రెండు వర్గాలవారు తప్పిపోతారు. రాతకోతలు లేకుండా నోటిమాట మీద అద్దెకుంటున్నవారు మొదటివారు. ఇల్లు దొరకక ఇప్పటికే వెళ్లిపోయి, అవకాశముంటే తిరిగి రావాలనుకునేవారు రెండోవారు. వారి పేర్లు లేని జాబితా చూసి ఇళ్ల కొరత లేదని తీర్మానించడం అన్యాయం. స్కాట్లండ్ 2018లో ప్రత్యేకంగా ద్వీపాల చట్టాన్ని తెచ్చింది. ప్రభుత్వ సంస్థల కొత్త విధానం ఏదైనా ద్వీప ప్రజలపై మిగతావారికంటే గణనీయంగా భిన్నమైన ప్రభావం చూపే అవకాశముంటే, ఆ ప్రభావాన్ని ముందుగా అంచనా వేయాలన్నది అందులోని ప్రధాన నియమం. ఇంత చట్టం చేసే అధికారం లేని చిన్న పంచాయతీ కూడా తన తీర్మానాలకు ఇటువంటి అంచనాను జతచేయాలని నియమం పెట్టుకోవచ్చు.

రక్షణ ఎవరికి?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు రాస్తే తర్వాత పశ్చాత్తాపపడాలి. సాధారణంగా మూడు దారులున్నాయి: వంశం, అనుబంధం, నివాసం. మూడింటికీ వాటి వాటి చరిత్ర, ఇబ్బందులు ఉన్నాయి.

వంశం ఆధారంగా చేసిన ఏర్పాట్లకు హవాయి పెద్ద ఉదాహరణ. అమెరికా కాంగ్రెస్ చేసిన హవాయియన్ హోమ్స్ కమిషన్ చట్టం 1921లో అమల్లోకి వచ్చింది. సుమారు 2,00,000 ఎకరాలను పక్కన పెట్టి, కనీసం సగం హవాయి రక్తం ఉన్నవారికి ఏడాదికి ఒక డాలరు చొప్పున 99 ఏళ్ల లీజుకు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. భూమి అమ్ముడుపోకుండా నిలిచింది, అది చిన్న విజయం కాదు. కానీ ఆ భూమిలో రోడ్లు, నీళ్లు, ఇళ్లు ఏర్పాటు చేయడానికి చాలాకాలం తగినంత డబ్బు కేటాయించలేదు. ఫలితంగా నిరీక్షణ జాబితా 28,000 పేర్లు దాటింది, లీజు చేతికి రాకముందే ఎందరో కన్నుమూశారు. జాబితాను తగ్గించడానికి రాష్ట్ర శాసనసభ 2022లో 60 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇక సగం రక్తం అన్న నిబంధన వల్ల తరాలు గడిచేకొద్దీ అర్హుల సంఖ్య తగ్గుతుంది. తల్లిదండ్రుల లీజు పిల్లలకు చెందడానికి పరిమితిని తర్వాత పావు వంతుకు సడలించవలసి వచ్చింది. వంశాన్ని ప్రాతిపదికగా తీసుకోక తప్పని చోట, మూడో తరానికి ఏం జరుగుతుందో మొదటి ముసాయిదాలోనే రాయాలి.

వంశం గానీ ఊరితో అనుబంధం గానీ ప్రాతిపదికగా పెట్టే నిబంధనలకు రాజ్యాంగపరమైన ఆధారం కూడా ముందే ఉండాలి. ఫిన్లండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల్లో భూమి కొనాలంటే అక్కడి ప్రాంతీయ పౌరహక్కు గానీ ప్రభుత్వ అనుమతి గానీ కావాలి. ఆ హక్కు కోసం ఐదేళ్లు అక్కడ నివసించి, స్వీడిష్ భాష వచ్చి ఉండాలి. ఆలాండ్‌కు ఇచ్చిన అంతర్జాతీయ హామీలు 1921 నాటివి. ఫిన్లండ్ 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు ప్రత్యేక ఒప్పందం ద్వారా ఈ నియమాన్ని కాపాడుకుంది. అటువంటి కవచం లేకుండానే బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం కొన్ని ఊళ్లలో భూమి, ఇల్లు పొందాలంటే ఆ ఊరితో తగినంత అనుబంధం చూపాలని షరతు పెట్టింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2013లో అది యూనియన్ చట్టంతో పొసగదని తేల్చింది. భారతదేశంలో లక్షద్వీప్‌లో స్థానికులు కానివారు ప్రవేశించాలన్నా, నివసించాలన్నా 1967 నాటి నిబంధనల ప్రకారం అనుమతి తీసుకోవాలి. దేశమంతటా తిరిగే, నివసించే స్వేచ్ఛపై షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం సమంజసమైన పరిమితులు విధించవచ్చని రాజ్యాంగంలోని 19వ అధికరణం అయిదో ఖండం చెబుతుంది.

అటువంటి ప్రత్యేక ఆధారం లేని ద్వీపాలకు నేను సూచించే దారి మూడోది. కొనేవారు ఎవరు అని అడగకుండా, కొన్న ఇంట్లో ఏడాది పొడవునా ఉంటారా అని అడగాలి. నార్వేలో అనేక మున్సిపాలిటీలు తమ పరిధిలోని ఇళ్లపై నివాస బాధ్యతను విధించుకున్నాయి. ఎక్కడివారైనా కొనవచ్చు, కానీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు శాశ్వతంగా కాపురం ఉండాలి. ఇందులో కొత్తగా వచ్చిన నర్సుకూ, పది తరాలుగా ఉంటున్న జాలరికీ ఒకే రక్షణ దొరుకుతుంది. ద్వీపాలకు కొత్తవారు కూడా అవసరమే కాబట్టి ఇది న్యాయంగానూ ఉంటుంది.

భూమికి తాళం వేయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం, డబ్బు, న్యాయ సలహా ఖర్చు చేయవలసినది ఇక్కడ. భూమిని మార్కెట్ నుంచి శాశ్వతంగా తప్పించి ప్రజల ఉమ్మడి ట్రస్టు చేతిలో పెట్టడం, ఇంటిని మాత్రం కుటుంబానికి ఇవ్వడం ఈ పద్ధతిలోని కీలకం. కుటుంబం ఇల్లు కట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు. అమ్మవలసి వస్తే పెట్టిన పెట్టుబడికి, చేసిన మరమ్మతులకు, పెరిగిన విలువలో నిర్ణీత భాగానికి తగ్గ ధర వస్తుంది, మిగతా పెరుగుదల ట్రస్టు దగ్గరే ఉండి తర్వాత వచ్చే కుటుంబానికి ధరను అందుబాటులో ఉంచుతుంది. ఈ లెక్కను పత్రంలో సూత్రంగా రాయాలి, పాలకవర్గం ఇష్టానికి వదలకూడదు.

కరీబియన్‌లో అమెరికా అధీనంలోని దీవి ప్వేర్టోరికో రాజధాని సాన్ హువాన్‌లో కానో మార్టిన్ పెన్యా అనే పూడిపోయిన కాలువ ఒడ్డున పేద కుటుంబాలు తరాలుగా కాపురం ఉంటున్నాయి. కాలువలో పూడిక తీసి శుభ్రం చేస్తే వరదలు తగ్గుతాయి. అయితే అదే పనివల్ల భూమి విలువ పెరిగి, బాగుపడిన చోట తామే ఉండలేకపోతామని అక్కడివారు ముందుగానే గుర్తించారు. వాళ్ల ఒత్తిడితో 2004లో వచ్చిన 489వ నంబరు చట్టం సుమారు 200 ఎకరాల ప్రభుత్వ భూమిని ప్రజల ట్రస్టుకు బదిలీ చేయడానికి దారి తీసింది. భూమి ట్రస్టుది, ఇంటి స్థలంపై వారసత్వంగా సంక్రమించే ఉపరితల హక్కు, అంటే ఆ నేలపై ఇల్లు కలిగి ఉండి వాడుకునే హక్కు, కుటుంబానిది. ఆ హక్కుకు రిజిస్టర్డ్ పత్రం కూడా ఉంటుంది. అభివృద్ధి పనికంటే ముందే భూమికి రక్షణ కల్పించిన ఈ క్రమాన్ని ప్రతి ద్వీప ప్రభుత్వం నేర్చుకోవాలి. కొత్త రేవు, కొత్త వంతెన, విమానాశ్రయం విస్తరణ, తీర సుందరీకరణ వంటివి ప్రకటించిన రోజే ధరలు పెరగడం మొదలవుతుంది కాబట్టి, ప్రకటనకు ముందే భూమి ట్రస్టు చేతికి రావాలి.

ఆ కథలో హెచ్చరిక కూడా ఉంది. 2009లో శాసనసభ ట్రస్టు నుంచి భూమిని తీసివేసింది. ప్రజలు పోరాడిన తర్వాత 2013లో తిరిగి ఇచ్చింది. సాధారణ మెజారిటీతో చేసిన చట్టాన్ని సాధారణ మెజారిటీయే తీసివేయగలదు. వీలైన చోట రాజ్యాంగ స్థాయి రక్షణ గానీ, కనీసం నివాసుల రెఫరెండం లేకుండా భూమిని బదిలీ చేయరాదన్న నిబంధన గానీ ట్రస్టు పత్రంలో ఉండాలి.

స్కాట్లండ్ దారి కొంచెం వేరు. హెబ్రిడీస్‌లోని ఎయిగ్ దీవి ఎంతోకాలం ఒకరి తర్వాత ఒకరుగా ప్రైవేటు భూస్వాముల చేతుల్లో ఉంది. 1997లో అక్కడి నివాసుల సంఘం, హైలాండ్ కౌన్సిల్, ఒక వన్యప్రాణి సంస్థ కలిసి ట్రస్టుగా ఏర్పడి దీవిని కొన్నాయి. జనాభా అప్పట్లో 60 పైచిలుకు. తర్వాతి కాలంలో అది వంద దాటింది. 2008లో గాలి, నీరు, సూర్యరశ్మితో నడిచే సొంత విద్యుత్ గ్రిడ్‌ను కూడా ఏర్పాటు చేసుకున్నారు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇటువంటి కొనుగోళ్లకు దారి వేసింది: ప్రజా సంఘం ఒక భూమిపై ఆసక్తిని ముందుగా నమోదు చేసుకుంటే, యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు మొదటి అవకాశం ఆ సంఘానిదే. అదే ఏడాది వచ్చిన మరో చట్టం గ్రామీణ గృహ సంస్థలకు ఒక చక్కని సాధనాన్ని ఇచ్చింది. తక్కువ ధరకు ఇచ్చిన స్థలంపై ఆ సంస్థ తన షరతును పత్రంలో రాయించుకుంటుంది. ఇల్లు ఎప్పుడు అమ్మినా ముందు ఆ సంస్థకే చూపాలి. పెద్ద ట్రస్టును నడిపే శక్తి లేని చిన్న దీవికి ఈ ఒక్క షరతే చాలా మేలు చేస్తుంది. కాకపోతే కొనుగోలు హక్కును గడువులోపల వాడుకోవడానికి చేతిలో డబ్బు సిద్ధంగా ఉండాలి, లేకపోతే హక్కు కాగితం మీదే మిగులుతుంది.

అమ్మకాన్ని నిషేధించాం కాబట్టి భూమి భద్రమని అనుకోకూడదు. పసిఫిక్ ద్వీప దేశం వనువాటు 1980లో స్వతంత్రమైనప్పుడు భూమి అంతా ఆచారబద్ధ స్థానిక యజమానులదని రాజ్యాంగంలో రాసుకుంది. అయినా 75 ఏళ్ల వరకు లీజులకు అవకాశం ఉండడంతో, రాజధాని ఉన్న ఎఫాటే దీవి తీరంలో పెద్ద భాగం లీజుల కిందకు వెళ్లింది. గడువు ముగిశాక భూమి వెనక్కి రావాలంటే లీజుదారు కట్టిన కట్టడాల విలువ చెల్లించవలసి వచ్చే షరతులున్నప్పుడు, ఒక పల్లె కుటుంబం హోటల్ విలువను ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి చట్టం అమ్మకంతోపాటు లీజు గడువును, దాని బదిలీని, కట్టడాల పరిహారాన్ని కూడా పరిమితం చేయాలి.

టూరిస్టుల అద్దెలు

ఇళ్లు అతి వేగంగా చేజారేది ఈ దారిలోనే. కొత్త లైసెన్సులు ఆపడం సులభం, పాతవాటిని తగ్గించడం కష్టం కాబట్టి, ఆలోచన పూర్తయ్యేదాకా ముందు తాత్కాలికంగా కొత్త అనుమతులు నిలిపివేయాలి. స్పెయిన్‌కు చెందిన మల్యోర్కా దీవిలోని పాల్మా నగరం 2018లో అపార్ట్‌మెంట్ భవనాల్లోని ఫ్లాట్లను టూరిస్టులకు అద్దెకివ్వడాన్ని నిషేధించింది. హవాయిలోని మావీ దీవిలో మొదట్లోనే గట్టి పట్టు లేకపోవడంతో, నివాసాల కోసం నిర్దేశించిన ప్రాంతాల్లోని అపార్ట్‌మెంట్లలో టూరిస్టుల అద్దెలకు 2001 నాటి ఒక న్యాయ అభిప్రాయం దారి ఇచ్చింది. 2024లో మేయర్ వాటిని దశలవారీగా ముగించాలని ప్రతిపాదించేనాటికి అటువంటి యూనిట్ల సంఖ్య సుమారు 7,000కు చేరింది. అదే ఏడాది రాష్ట్రం చేసిన చట్టం వల్ల ఈ అద్దెలను తొలగించే అధికారం కౌంటీలకు, అంటే జిల్లా స్థాయి స్థానిక ప్రభుత్వాలకు ఉందని స్పష్టమైంది. ఒక చిన్న మినహాయింపు ఇరవై ఏళ్లలో ఎంత పెద్ద ఆస్తిహక్కు వాదనగా మారగలదో దీన్నిబట్టి తెలుసుకోవాలి.

లైసెన్సు వ్యక్తికి ఇవ్వాలి గానీ ఇంటికి ఇవ్వకూడదు. ఇల్లు అమ్మిన రోజే లైసెన్సు రద్దు కావాలి, లేకపోతే లైసెన్సు విలువ ఇంటి ధరలో కలిసిపోతుంది. ప్రతి ఆన్‌లైన్ ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు కనిపించేలా చేసి, నంబరు లేని ప్రకటనను తొలగించే బాధ్యతను వెబ్‌సైట్ మీద కూడా పెట్టాలి. తాను ఉంటున్న ఇంట్లో ఒక గదిని అతిథికి ఇచ్చే స్థానిక కుటుంబాన్ని మాత్రం ఈ నిబంధనల్లో ఇబ్బంది పెట్టకూడదు. చాలా దీవుల్లో ఆ ఆదాయమే కుటుంబాన్ని అక్కడ నిలబెడుతోంది. పది ఇళ్లున్న కంపెనీని, ఒక గది ఉన్న వితంతువును ఒకే గాటన కట్టే చట్టం జనం మద్దతు కోల్పోతుంది.

పన్నులు

ఆస్తి పన్ను రెండువైపులా కోసే సాధనం. అమెరికాలో జార్జియా తీరాన ఉన్న సపెలో దీవిలో, బానిసత్వం నుంచి విముక్తులైనవారి వారసులైన గల్లా గీచీ ప్రజలు హాగ్ హమ్మాక్ అనే చిన్న ఊళ్లో ఉంటున్నారు. బయటివారు కొనే ధరలను బట్టి పాత ఇళ్ల విలువను కూడా తిరగరాయడంతో 2012లో వారి పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. అమ్మే ఉద్దేశమే లేని కుటుంబానికి మార్కెట్ విలువ ఆదాయాన్ని తేదు, బిల్లును మాత్రమే తెస్తుంది. అందువల్ల ఏడాదంతా నివసించే ఇంటికి విలువ పెంపుపై పరిమితి పెట్టి, ట్రస్టు భూమిలోని ఇంటిని దాని నియంత్రిత ధర ప్రకారమే లెక్కించి, ఖాళీగా ఉంచే ఇంటిపై భారం పెంచాలి. స్కాట్లండ్ 2024 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్ను అనే స్థానిక ఇంటి పన్నును రెట్టింపు చేసే అధికారాన్ని కౌన్సిళ్లకు ఇచ్చింది. మావీ కౌంటీ యజమాని ఉంటున్న ఇంటికి, దీర్ఘకాల అద్దె ఇంటికి, టూరిస్టు అద్దె ఇంటికి వేర్వేరు రేట్లు పెట్టింది. రెండో ఇంటి పన్ను ఒక్కటే ధనికులను ఆపుతుందని నేను అనుకోను. దానివల్ల వచ్చే సొమ్మును ఇళ్ల నిధికే కేటాయించినప్పుడు దాని ప్రయోజనం కనిపిస్తుంది.

ఆ కేటాయింపు ఎలా ఉండాలన్నది అమెరికాలోని నాంటకెట్ దీవిలో చూడవచ్చు. 1983లో మసాచుసెట్స్ రాష్ట్రం అనుమతితో ఆ దీవి చాలా భూ కొనుగోళ్లపై 2 శాతం రుసుము విధించి, ఆ డబ్బుతో బహిరంగ స్థలాలను కొనే ల్యాండ్ బ్యాంకును ఏర్పాటు చేసింది. సుందరమైన పచ్చిక మైదానాలు మిగిలాయి, కానీ అక్కడ పనిచేసేవారికి ఇళ్ల కొరత నేటికీ తీవ్రంగానే ఉంది. ప్రకృతి రక్షణకు పెట్టిన నిధిలో మొదటి రోజు నుంచే కొంత వాటాను నివాసాలకు రాసిపెట్టడం అవసరం.

బయటివారిని ఆహ్వానించే పన్ను రాయితీల విషయంలో కఠినంగా ఉండాలి. ప్వేర్టోరికో 2012లో చేసిన 22వ చట్టం కొత్తగా వచ్చి స్థిరపడే పెట్టుబడిదారులకు డివిడెండ్లు, వడ్డీ, అక్కడికి వచ్చాక పెరిగిన మూలధన లాభాలపై పన్ను మినహాయించింది. అప్పటికే అక్కడ ఉన్నవారికి ఆ రాయితీ లేదు. 2019లో ఇది 60వ చట్టంలో కలిసినప్పుడు, వచ్చినవారు రెండేళ్లలోపు అక్కడ ఇల్లు కొనాలన్న షరతు కూడా ఉంది. పన్ను భారం లేని కొనుగోలుదారును, పన్ను కట్టే స్థానికుడిని ఒకే ఇంటి వేలంలో నిలబెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. రక్షణ కోసం ఒక శాఖ డబ్బు పోస్తూ ఉండగా మరో శాఖ ఇటువంటి రాయితీలు ఇస్తే అది చిల్లు కుండలో నీళ్లు పోసినట్లే.

పత్రాలు, వారసులు, జోనింగ్

తాత పేరు మీదే ఉండిపోయిన భూమి బయటినుంచి వచ్చే కొనుగోలుదారుకు సులభమైన ద్వారం. అమెరికాలోని తీర దీవుల్లో వారసుల్లో ఒకరి చిన్న వాటాను కొని, విభజన దావా వేసి, మొత్తం భూమిని వేలానికి తెప్పించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 2010లో రూపొందిన నమూనా చట్టాన్ని జార్జియా 2012లో, సౌత్ కరోలినా 2016లో స్వీకరించాయి. దాని ప్రకారం మిగతా వారసులకు ఆ వాటాను కొనుక్కునే అవకాశం ముందుగా ఇవ్వాలి, భూమికి స్వతంత్ర మదింపు జరగాలి. చట్టంతోపాటు ఉచిత న్యాయ సహాయ శిబిరాలు పెట్టి వారసత్వ పత్రాలను సరిచేయించాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనుల్లో ఇదొకటి.

ఏ ప్రాంతంలో ఎటువంటి కట్టడం కట్టవచ్చో నిర్దేశించే జోనింగ్ నియమాల్లోని ఒక్క అంకె కూడా ఊరి భవిష్యత్తును మార్చగలదు. హాగ్ హమ్మాక్‌లో ఇంటి విస్తీర్ణంపై ఉన్న పరిమితి పెద్ద విహార భవనాలు రాకుండా చాలాకాలం అడ్డుకుంది. 2023లో కౌంటీ ఆ పరిమితిని 1,400 చదరపు అడుగుల నుంచి 3,000కు పెంచింది. నివాసులు సంతకాలు సేకరించి రెఫరెండం కోరారు, వారికి ఆ హక్కు ఉందని జార్జియా సుప్రీంకోర్టు 2025లో తీర్పు చెప్పింది. ఇటువంటి మార్పులకు నివాసుల సమ్మతి తప్పనిసరి అని ముందే రాసి ఉంటే అంత పోరాటం అవసరమయ్యేది కాదు.

విపత్తుకు ముందే రాసిపెట్టుకోవలసినవి

తుఫానో మంటలో వచ్చిన తర్వాతి కొన్ని వారాల్లో ఒక దీవి స్వరూపం మారిపోగలదు. ఇల్లు కాలిన కుటుంబం దుఃఖంలో, అప్పుల్లో, ఎక్కడో శిబిరంలో ఉన్నప్పుడే కొనుగోలుదారుల ఫోన్లు మొదలవుతాయి. 2023 ఆగస్టు 8న మావీలోని లహైనా పట్టణం కాలిపోయి వంద మందికి పైగా మరణించారు, రెండు వేలకు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. కొద్ది రోజుల్లోనే గవర్నర్ అత్యవసర ఉత్తర్వు ద్వారా, ఆ ప్రాంతంలోని యజమానులను వారు అడగకుండా సంప్రదించి భూమి కొంటామనడాన్ని నేరంగా ప్రకటించారు. ఈ ఉత్తర్వు నమూనాను ప్రతి ద్వీప ప్రభుత్వం ముందే సిద్ధం చేసుకుని, విపత్తు ప్రకటించిన గంటలోనే అమలయ్యేలా ఉంచాలి. దానితోపాటు అద్దెల పెంపుపై, ఖాళీ చేయించడంపై తాత్కాలిక నిషేధం, అప్పుల వాయిదాల నిలుపుదల, నష్టపోయినవారి భూమిని ప్రజా ట్రస్టు కొని తిరిగి వారికే అవకాశం ఇవ్వడానికి నిధి కూడా అవసరం.

2017 సెప్టెంబరులో మరియా తుఫాను తర్వాత ప్వేర్టోరికోలో వేలాది కుటుంబాలు యాజమాన్య పత్రాలు చూపలేక ప్రభుత్వ సహాయానికి మొదట్లో అనర్హమయ్యాయి. కాబట్టి చాలాకాలంగా అక్కడే ఉన్నట్లు ప్రమాణపత్రం, కరెంటు బిల్లు, పొరుగువారి సాక్ష్యం వంటివి చాలునని సహాయ నిబంధనల్లో ముందే ఉండాలి.

అదే నెలలో ఇర్మా తుఫాను కరీబియన్‌లోని బార్బుడా దీవిని ధ్వంసం చేయగా జనాభా మొత్తాన్ని అదే దేశంలోని ఆంటిగ్వా దీవికి తరలించారు. బార్బుడా భూమి అక్కడి ప్రజల ఉమ్మడి సొత్తు అని 2007 నాటి చట్టం ధ్రువీకరించి ఉండగా, తుఫాను తర్వాత కేంద్ర ప్రభుత్వం ఆ ఏర్పాటును మార్చడానికి పూనుకుంది. ప్రజలు ఊళ్లో లేని సమయంలో వారి భూమి చట్టాన్ని మార్చడం నా దృష్టిలో క్షమించరానిది. తరలింపు కాలంలో, ఆ తర్వాత నిర్ణీత కాలం వరకు భూమి చట్టాల్లో ఏ మార్పూ చేయరాదని, జనం తిరిగి రావడానికి తేదీతో కూడిన హామీ ఉండాలని ముందే శాసనం చేయాలి.

ప్రభుత్వమే ఖాళీ చేయించేటప్పుడు

పెట్టుబడిదారులకంటే ప్రభుత్వ ప్రాజెక్టులే ప్రజలను కదిలించిన చోట్లూ ఉన్నాయి. ఇండోనేషియాలోని రెంపాంగ్ దీవిలో ఒక పారిశ్రామిక నగరం కోసం సుమారు 7,500 మందిని తరలించాలన్న ప్రణాళికపై 2023లో పెద్ద ఘర్షణలు జరిగాయి. లక్షద్వీప్‌లో 2021లో వెలువడిన అభివృద్ధి ప్రాధికార సంస్థ ముసాయిదా, అభివృద్ధి పేరిట భూమిపై విస్తృత అధికారాలను పరిపాలనకు ఇస్తుందన్న భయంతో ద్వీపవాసులు తీవ్రంగా వ్యతిరేకించారు. రక్షణ చట్టం ప్రైవేటు కొనుగోలుదారుతోపాటు ప్రభుత్వ సేకరణకూ వర్తించాలి. ముందస్తు సమ్మతి, అదే దీవిలో ప్రత్యామ్నాయ నివాసం, జీవనోపాధికి హామీ లేకుండా సేకరణ మొదలు కాకూడదు.

ఇళ్లు కట్టడం, మనుషులను నిలపడం

పైన చెప్పిన నియంత్రణలన్నీ ఉన్నా కొత్త ఇళ్లు కట్టకపోతే లోపలివారి మధ్యే పోటీ పెరుగుతుంది. ఇంగ్లీషు ఛానెల్‌లోని గెర్న్సీ దీవి దశాబ్దాలుగా తన ఇళ్లను రెండు మార్కెట్లుగా విభజించి, బయటివారిని పరిమితమైన ఓపెన్ మార్కెట్ జాబితాలోని ఇళ్లకే పరిమితం చేసింది. అయినా స్థానిక మార్కెట్‌లోని ఇళ్లు నేడు అక్కడి యువతకు భారంగానే ఉన్నాయి. కొత్తవారికి నేరుగా డబ్బు ఇవ్వడం కూడా మంచి దారి కాదు. స్కాట్లండ్ ప్రభుత్వం ద్వీపాలకు మారేవారికి, అక్కడే ఉండిపోయే యువతకు 50,000 పౌండ్ల వరకు ఇచ్చే పథకాన్ని 2021లో ప్రతిపాదించింది. ద్వీప ప్రజల నుంచి వచ్చిన అభిప్రాయాలను చూసి 2022లో విరమించుకుంది. అది సరైన నిర్ణయమే. ఇల్లే లేని చోట డబ్బు చేతికిస్తే ఉన్న కొద్ది ఇళ్ల ధర పెరగడం తప్ప మరేం జరుగుతుంది? నిర్మాణ సామగ్రి సముద్రం దాటి రావాలి కాబట్టి ఖర్చు ఎక్కువవుతుంది. అందుకే మూతపడిన పాత ఇళ్ల మరమ్మతుకు, ఉపాధ్యాయుల, ఆరోగ్య సిబ్బంది నివాసాలకు, రవాణా రాయితీకి మొదటి విడత నిధులు కేటాయించాలి.

అమలు

ఏ నిబంధనకైనా తనిఖీ చేసే మనిషి, జరిమానా, గడువు ఉండాలి. చిన్న దీవిలో అందరూ ఒకరికొకరు తెలిసినవారే కాబట్టి పొరుగువారి మీద ఫిర్యాదు చేయడం కష్టం. తనిఖీ బాధ్యతను పక్క దీవి లేదా ప్రాంతీయ కార్యాలయం అధికారికి అప్పగించడం మేలు. అమ్మకం రిజిస్ట్రేషన్ సమయంలోనే కొనుగోలుదారు ఏడాదంతా నివాసం ఉంటానన్న ప్రకటనపై సంతకం చేయాలి, రెండేళ్లకొకసారి రుజువు చూపాలి, తప్పితే ఇల్లు మొదట ట్రస్టుకే నియంత్రిత ధరకు అమ్మాలి. కంపెనీల పేరుతో చేతులు మారే ఇళ్లను పట్టుకోవడానికి షేర్ల బదిలీని కూడా అమ్మకంగానే నిర్వచించాలి.

ఏటా ఒకే నెలలో నాలుగు అంకెలను ప్రచురించాలి: ఏడాదంతా కాపురమున్న ఇళ్లు, బడిలో పిల్లలు, ఆ ఏడాది అమ్ముడైన ఇళ్లలో నివాసానికి వెళ్లినవి, స్థానిక సగటు జీతంతో పోలిస్తే అద్దె. వరుసగా మూడేళ్లు ఇవి దిగజారితే చట్టాన్ని తప్పనిసరిగా పునఃపరిశీలించాలన్న నియమం చట్టంలోనే ఉండాలి. ఇన్ని పనులు ఒకేసారి చేపట్టే శక్తి లేని స్థానిక సంస్థ తన చేతిలో ఉన్న ప్రభుత్వ భూమితో మొదలుపెట్టవచ్చు. మూతపడిన బడి, వాడని ఆసుపత్రి క్వార్టర్లు, రేవు పక్క స్థలం, అటవీ శాఖ పాత బంగళా వంటివాటి జాబితా రాసి, వాటిలో ఏదీ వేలంలో అమ్మరాదని, నివాస ట్రస్టుకే లీజుకివ్వాలని వచ్చే సమావేశంలోనే తీర్మానం చేయవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, సభ్యుల్లో మెజారిటీ చేతులు ఎత్తితే చాలు.